రోజుల లెక్క

మన ఇళ్ళలో ఆడపిల్ల యుక్తవయస్సుకు వచ్చిన రోజున తల్లి నేర్పే మొదటి పాఠం రోజుల లెక్క. నెలసరి ఏ రోజున మొదలయింది, ఎన్నాళ్ళున్నది, ఏ పూటకు శుద్ధి కనిపించింది, ఏ నమాజు వేళకు గుస్ల్ చేయాలి, రమజానులో ఎన్ని రోజాలు ఖజా పడ్డాయి, ఇదంతా ఆమె గుర్తుంచుకోవలసిందే. కొందరు వంటింటి క్యాలెండరు మీద ఎవరికీ అర్థం కాని ఒక చుక్క పెట్టుకుంటారు. కొందరు బీరువాలో బట్టల మడతల నడుమ చిన్న నోటుపుస్తకం దాచుకుంటారు. ఈ కాలపు పిల్లలైతే ఫోనులో వ్రాసుకుంటున్నారు. క్రితం నెలసరి తేదీ అడిగినప్పుడు "సరిగా గుర్తు లేదు డాక్టరమ్మా" అనే జవాబు స్త్రీల వైద్యులు రోజూ వినేదే. నమాజు పాటించే స్త్రీకి ఆ జవాబు చెప్పవలసిన అవసరం రాదు.

అయితే ఇంత జాగ్రత్తగా వేసిన లెక్క నమాజు దగ్గరే ఆగిపోతున్నది. ఈ నెల మేము వ్రాయదలచినది దాని గురించే.

హజ్రత్ ఫాతిమా బిన్తె అబీ హుబైష్ (రజి) అనే సహాబియా దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చి, తనకు రక్తస్రావం ఆగడం లేదనీ, నమాజు మానుకోవాలా అనీ అడిగారు. అది నెలసరి కాదనీ, ఒక నరం నుండి వచ్చే రక్తమనీ, నెలసరి రోజులు మాత్రమే నమాజు వదలి, అవి గడచిన తరువాత శుభ్రపరచుకొని నమాజు చేయాలనీ ఆయన (స) బోధించారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్న హదీసు ఇది. ఉమ్మె హబీబా బిన్తె జహష్ (రజి) ఏడేళ్ళపాటు ఇదే బాధ అనుభవించారు. ఈ ఉల్లేఖనాల నుండే ఫిఖ్హ్ పండితులు ఇస్తిహాజా అనే అధ్యాయాన్ని ఏర్పరచారు. హైజ్ స్త్రీ దేహానికి సహజమైనది. ఇస్తిహాజా సహజం కానిది. ఈ రెంటి మధ్య గీత గీయడం మన ధర్మశాస్త్రంలో పద్నాలుగు శతాబ్దాల నాటి విద్య.

నేడు ఒక సోదరికి నెల మధ్యలో రక్తం కనిపించిందనుకుందాం. ఆమె ఆలిమాను అడుగుతుంది, లేదా భర్త ద్వారా మౌల్వీ సాహెబుకు ప్రశ్న పంపుతుంది. ఇది ఇస్తిహాజా, ప్రతి నమాజు వేళకూ వుజూ చేసుకొని నమాజు చేయవచ్చు అని జవాబు వస్తుంది. జవాబు సరైనదే, మనసు కుదుటపడుతుంది. నెలలు గడుస్తాయి. ఆ రక్తం ఎందుకు వస్తున్నదన్న రెండవ ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు. మౌల్వీ సాహెబు ఇచ్చినది ఆరాధనకు సంబంధించిన తీర్పు. దేహానికి సంబంధించిన జవాబు ఆయన దగ్గర ఉండదు, ఉన్నదని ఆయనా అనరు.

సహజం కాని రక్తస్రావానికి కారణాలు అనేకం. హార్మోన్ల హెచ్చుతగ్గులు, థైరాయిడ్, గర్భసంచిలో ఫైబ్రాయిడ్ గడ్డలు, కాపర్-టి, కొన్ని మందులు. అత్యధిక సందర్భాలలో తేలికగా నయమయ్యేవే. అందుచేత రక్తపు చుక్క చూడగానే భయపడనక్కరలేదు. కానీ మూడు సందర్భాలలో ఆలస్యం తగదు. దాంపత్య కలయిక అనంతరం రక్తం కనిపించడం, దుర్వాసనతో కూడిన నీళ్ళవంటి లేదా రక్తం కలిసిన స్రావం ఆగకుండా రావడం, ముట్లుడిగి ఏడాది దాటిన తరువాత తిరిగి రక్తం రావడం. ఈ మూడవదాని విషయంలో మన పెద్దవాళ్ళు తరచు పొరపడతారు. 'ఈ వయసులో మళ్ళీ మొదలయింది' అని నవ్వుకొని ఊరుకునే దాదీమాలు, నానీమాలు ఎందరో.

హనఫీ ఫిఖ్హ్ ప్రకారం హైజ్ మూడు రోజులకు తగ్గదు, పది రోజులకు మించదు. రెండు హైజ్‌ల నడుమ కనీసం పదిహేను రోజుల శుద్ధి ఉండాలి. వైద్యులు ఎనిమిది రోజులకు మించిన నెలసరిని అధికమని భావిస్తారు, 24 రోజుల కంటే ముందుగా మరలా వచ్చినదాన్ని త్వరగా వచ్చినదంటారు. రెండు లెక్కల ప్రయోజనాలు వేరు కనుక అంకెలు వేరుగా ఉన్నాయి. ఒకటి నమాజు కోసం, మరొకటి రోగనిర్ధారణ కోసం. ఒకే నోటుపుస్తకం రెంటికీ పనికివస్తుంది. ఇస్తిహాజా అని గుర్తించిన రోజుల పక్కన రక్తం ఎంత ఉన్నది, ఏ సందర్భంలో కనిపించింది అన్న రెండు మాటలు అదనంగా వ్రాసుకుంటే చాలు. అలాంటి పుస్తకం చేతబట్టి వచ్చిన స్త్రీని చూస్తే ఏ డాక్టరుకైనా సగం పని తీరినట్టే.

ఇంతవరకు లక్షణాలు కనిపించిన వారి సంగతి. అసలు చిక్కు ఏ లక్షణమూ లేనివారి దగ్గర ఉన్నది.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వల్ల మన దేశంలో ఏటా 75 వేలకు పైగా స్త్రీలు మరణిస్తున్నారు. లక్షా 20 వేలకు పైగా కొత్తగా ఈ వ్యాధి బారిన పడుతున్నారు. దాదాపు ప్రతి కేసుకూ హ్యూమన్ పాపిలోమా వైరస్, అంటే హెచ్‌పీవీ, మూలకారణం. ఈ సంబంధాన్ని కనుగొన్న జర్మన్ శాస్త్రవేత్త హరాల్డ్ త్సుర్ హౌజెన్‌కు 2008లో నోబెల్ బహుమతి లభించింది. ఈ వైరస్ అత్యంత సాధారణమైనది. సోకిన వారిలో అధికశాతం మందికి ఏడాది రెండేళ్ళలో దేహమే దాన్ని తరిమివేస్తుంది. కొద్దిమందిలో మాత్రం తిష్ఠ వేసి, ముఖద్వారపు కణాలను మెల్లమెల్లగా మార్చివేస్తుంది. ఆ మార్పు క్యాన్సర్‌గా పరిణమించడానికి సాధారణంగా 15 నుండి 20 ఏళ్ళు పడుతుంది. అన్నేళ్ళూ నొప్పి ఉండదు, రక్తం ఉండదు, ఏమీ ఉండదు. రక్తం కనిపించే నాటికి సాధారణంగా వ్యాధి ముదిరే ఉంటుంది. అంతటి సుదీర్ఘమైన గడువును అల్లాహ్ ఈ వ్యాధిలో ఉంచాడు. ఆ గడువులో ఒక్కసారైనా పరీక్ష చేయించుకుంటే మారిన కణాలను తొలగించి వ్యాధిని రాకముందే ఆపవచ్చు. ఒకప్పటి నిజాం రాజ్యంలో భాగమైన మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లాలో లక్షమందికి పైగా గ్రామీణ స్త్రీలతో జరిగిన అధ్యయనం 2009లో ప్రచురితమైంది. ఒకే ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష జరిగిన బృందంలో ఈ క్యాన్సర్ మరణాలు దాదాపు సగానికి తగ్గాయని అందులో తేలింది.

అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, ఈ పరీక్ష ఎన్నడైనా చేయించుకున్న స్త్రీలు మన దేశంలో నూటికి ఇద్దరు కూడా లేరు. ఇందులో హిందువులని, ముస్లిములని భేదం వెదకడం అనవసరం. మన ఇళ్ళకు ప్రత్యేకంగా ఉన్న అడ్డంకుల గురించి మాత్రం మనమే మాట్లాడుకోవాలి.

మొదటిది, పెళ్ళికాని పిల్ల విషయంలో తల్లుల భయం. స్త్రీల వైద్యురాలి దగ్గరకు తీసుకువెళితే లోపలి పరీక్ష చేస్తారేమో, నలుగురూ ఏమనుకుంటారో అన్న శంకతో, ఆరు నెలలుగా నెలసరి రాని పిల్లను కూడా ఇంట్లోనే ఉంచి కషాయాలు తాగిస్తారు. ఈ భయానికి ఆధారం లేదు. పెళ్ళికాని పిల్లకు సాధారణంగా జరిగేది కేవలం సంభాషణ, రక్తపరీక్ష, అవసరమైతే పొట్ట మీది నుండి చేసే స్కానింగ్. స్కానింగ్‌కు మూత్రసంచి నిండుగా ఉండేలా నీళ్ళు తాగి వెళ్ళాలి, అంతే. క్యాన్సర్ స్క్రీనింగ్ అవసరం ఆ వయసులో లేనే లేదు. తల్లి పక్కనే కూర్చోవచ్చు. ఒక్క సూచన మాత్రం చేస్తాము. డాక్టరు ప్రశ్నలకు పిల్ల తరపున తల్లే జవాబు చెప్పకుండా, పిల్లను చెప్పనివ్వాలి. తన దేహం గురించి తానే మాట్లాడడం పదహారేళ్ళకు అలవాటయిన అమ్మాయి ముప్ఫై ఏళ్ళకు మౌనంగా ఉండదు.

నికాహ్ అయిన యువతికి ఏడాదికొకసారి డాక్టరును కలవడం మంచి అలవాటు. రక్తహీనత, రక్తపోటు, థైరాయిడ్, నెలసరి తీరు, గర్భధారణకు ముందు వాడవలసిన ఫోలిక్ ఆమ్లం, వీటన్నింటికీ అదే సందర్భం. ప్రతిసారీ లోపలి పరీక్ష అవసరం ఉండదు. స్క్రీనింగ్ ఏ వయసులో మొదలుపెట్టాలన్నది దేశాన్ని బట్టి మారుతుంది. అమెరికాలో 21 ఏళ్ళ నుండి సూచిస్తారు. బ్రిటన్‌లో స్థిరపడిన మన ఆడపడుచులకు 25 ఏళ్ళు నిండబోయే ముందే అక్కడి ప్రభుత్వ ఆరోగ్యశాఖ నుండి పిలుపు వస్తుంది. నమూనా తీసేది స్త్రీయే కావాలని అక్కడ కోరవచ్చు. మన ప్రభుత్వ మార్గదర్శకాలలో 30 నుండి 65 ఏళ్ళ మధ్య ప్రతి అయిదేళ్ళకొకసారి పరీక్ష అని ఉన్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కనీసం 35 ఏళ్ళలోపు ఒకసారి, 45 లోపు మరొకసారి హెచ్‌పీవీ పరీక్ష జరగాలంటున్నది. పద్దెనిమిదేళ్ళకే పెళ్ళయి, ఇరవై అయిదుకు ముగ్గురు బిడ్డల తల్లి అయిన సోదరి తన విషయంలో ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరును అడగడం మేలు.

పరీక్ష అంటే ఏమిటో తెలియకపోవడం వల్ల కలిగే బెదురు అసలు పరీక్షకంటే పెద్దది. పొడవాటి కమీజు గాని, వదులైన నైటీ గాని వేసుకొని వెళితే సల్వారు ఒక్కటి తీస్తే చాలు. తలమీది దుపట్టాతో సహా మిగతా దుస్తులన్నీ ఉన్నచోటే ఉంటాయి. మోకాళ్ళు మడచి వెల్లకిలా పడుకుంటే పైన దుప్పటి కప్పుతారు. స్పెక్యులమ్ అనే పరికరంతో ముఖద్వారాన్ని చూస్తారు. పాప్ స్మియర్ అయితే చిన్న బ్రష్‌తో కొన్ని కణాలు తీసి ల్యాబ్‌కు పంపుతారు. ప్రభుత్వ ఆసుపత్రులలో ఎక్కువగా చేసే వీఐఏ పరీక్షలో పలుచని ఎసిటిక్ ఆమ్లం, అంటే వెనిగర్ వంటిది, అద్ది ఒక నిమిషం ఆగి చూస్తారు. మారిన కణాలు తెల్లబడి కనిపిస్తాయి. ఫలితం అక్కడికక్కడే తెలుస్తుంది, దానికి పెద్ద ల్యాబ్ అక్కరలేదు. మొత్తం కొద్ది నిమిషాల పని. అసౌకర్యంగా ఉంటుంది, కొందరికి నొప్పి కూడా కలుగుతుంది. ఆపమంటే ఆపుతారు. హెచ్‌పీవీ పరీక్షకు నమూనాను స్త్రీ తానే, తెర చాటున, ఒంటరిగా తీసి ఇచ్చే విధానాన్ని కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించింది. అది దొరికిన చోట పర్దా పాటించే సోదరీమణులకు ఇంతకంటే అనువైనది లేదు. డాక్టరును తప్పక అడగండి.

ఇక పర్దా ప్రశ్న. దీనిపై పండితుల మాట స్పష్టంగానే ఉన్నది. 1993లో బ్రూనైలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ ఒక క్రమాన్ని సూచించింది. ముస్లిం వైద్యురాలు, ఆమె లేకుంటే నమ్మదగిన ముస్లిమేతర వైద్యురాలు, ఆమె కూడా లేకుంటే ముస్లిం వైద్యుడు, తరువాతే ముస్లిమేతర వైద్యుడు. అవసరమైనంత మేరకే దేహం కనబడాలి, పక్కన భర్తో, మహ్రమో, విశ్వసనీయురాలైన స్త్రీయో ఉండాలి. మన పట్టణాలలో స్త్రీల వైద్యులలో అత్యధికులు స్త్రీలే కనుక, ఈ క్రమంలో మొదటి రెండు మెట్లు దాటవలసిన అవసరం దాదాపుగా రాదు. "డాక్టరమ్మా, పరీక్ష మీరే చేయండి, గదిలో మగవారు ఉండకూడదు, మా ఆపా నా పక్కన ఉంటుంది" అని ముందుగా చెప్పడంలో తప్పు లేదు. చెప్పడానికి నోరు రావాలి, అంతే. దైవప్రవక్త (స) సన్నిధిలో హజ్రత్ ఉమ్మె సులైమ్ (రజి), సత్యం విషయంలో అల్లాహ్ సంకోచించడని ముందుగా పలికి, స్త్రీకి కలలో స్ఖలనమైతే గుస్ల్ విధియా అని అడిగారు. అన్సారీ స్త్రీలను సిగ్గు జ్ఞానార్జన నుండి ఆపలేదని హజ్రత్ ఆయిషా (రజి) మెచ్చుకున్నారు. అలాంటి అమ్మల వారసులము మనము. తెల్లబట్ట గురించి డాక్టరుతో చెప్పలేకపోవడాన్ని హయా అనుకోవడం మాకు సమంజసంగా తోచదు.

అన్నింటికంటే ప్రమాదకరమైన అడ్డంకి మరొకటున్నది. దాని గురించి ఎవరూ మాట్లాడరు. హెచ్‌పీవీ ప్రధానంగా దాంపత్య సంబంధం ద్వారా సోకుతుంది. పరీక్షలో అది ఉన్నదని తేలితే భర్త ఏమనుకుంటాడు? అత్తగారు ఏమంటారు? ఈ ఒక్క భయంతో, డాక్టరు వ్రాసిచ్చిన పరీక్ష కాగితాన్ని పర్సులోనే మడిచి ఉంచుకునే స్త్రీలున్నారు. కనుక పురుషులు ఈ పేరాను జాగ్రత్తగా చదవాలని కోరుతున్నాము. ఈ వైరస్ దేహంలో ఏళ్ళ తరబడి నిద్రాణంగా ఉండగలదు. అది ఎప్పుడు వచ్చింది, ఎవరి నుండి వచ్చింది అన్నది ఏ పరీక్షా చెప్పలేదు. పురుషునిలో సాధారణంగా ఏ లక్షణమూ చూపకుండా ఉండి, తనకే తెలియకుండా అతని నుండి భార్యకు సంక్రమించవచ్చు. భార్యాభర్తలిద్దరూ ఒకరికొకరే అయి, ఇరవై ఏళ్ళు కాపురం చేసిన ఇంట్లో కూడా ఈ ఫలితం రావచ్చు. పవిత్రురాలైన స్త్రీపై అపవాదు వేసినవాడు నలుగురు సాక్షులను తేవాలని, తేలేకపోతే అతనికే శిక్ష అని సూరయె నూర్‌లో ఆదేశం ఉన్నది. ల్యాబ్ నుండి వచ్చిన ఒక కాగితం ఆ నలుగురు సాక్షులకు సాటి రాదు. దాన్ని పట్టుకొని భార్య శీలాన్ని ప్రశ్నించేవాడు వైద్యాన్నీ అర్థం చేసుకోలేదు, ధర్మాన్నీ అర్థం చేసుకోలేదు. హెచ్‌పీవీ పాజిటివ్ అంటే క్యాన్సర్ అని కూడా కాదు. మరికొన్ని పరీక్షలు అవసరమని మాత్రమే.

మారిన కణాలు కనబడితే చల్లదనంతో గాని, వేడితో గాని ఆ భాగాన్ని మాత్రమే నిర్మూలిస్తారు. చాలావరకు అదే రోజు ఇంటికి వచ్చేయవచ్చు. ఇక్కడ ఒక హెచ్చరిక తప్పదు. 2015-16 జాతీయ సర్వేలో గర్భసంచి తొలగింపు శస్త్రచికిత్సలు దేశంలో అత్యధికంగా జరిగినట్లు తేలినవి మన రెండు తెలుగు రాష్ట్రాలలోనే. తెల్లబట్ట అవుతున్నదనీ, ముందుముందు క్యాన్సర్ రావచ్చుననీ భయపెట్టి ముప్ఫై అయిదేళ్ళయినా నిండని స్త్రీలకు ఆపరేషన్ చేసిన ఉదంతాలు పత్రికలలో ఎన్నోసార్లు వచ్చాయి. ఎవరైనా అలా చెబితే "పాప్ స్మియర్ చేశారా, రిపోర్టు ఏది?" అని అడగాలి, రెండవ డాక్టరుకు చూపాలి. నిజంగా అనుమానం ఉంటే హైదరాబాదులో ప్రభుత్వ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి, విశాఖపట్నం సమీపంలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి.

టీకా గురించి క్లుప్తంగా. హెచ్‌పీవీ టీకా 9 నుండి 14 ఏళ్ళ ఆడపిల్లలకు, అంటే వైరస్ సోకే అవకాశమే లేని వయసులో, బాగా పనిచేస్తుంది. మన దేశంలో తయారైన సెర్వావాక్ టీకాకు 2022లో అనుమతి లభించింది. ముస్లిం దేశమైన మలేషియాలో 2010 నుండి పాఠశాలలలోనే బాలికలకు ఈ టీకా వేస్తున్నారు. మన పెద్దలలో కొందరికి ఖమ్మం గుర్తుకు రావచ్చు. 2009లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో దాదాపు 14 వేలమంది బాలికలకు ఒక ప్రయోగాత్మక పథకం క్రింద టీకా వేశారు. కొందరు బాలికలు మరణించడంతో 2010 ఏప్రిల్‌లో ఆ పథకం నిలిచిపోయింది. మరణాలకు టీకా కారణం కాదని విచారణ తేల్చింది. కానీ హాస్టల్ పిల్లల తల్లిదండ్రుల అనుమతికి బదులు వార్డెన్ల చేత సంతకాలు చేయించడం వంటి తప్పులు బయటపడ్డాయి, పార్లమెంటరీ కమిటీ తీవ్రంగా తప్పుపట్టింది. ఆ కోపం న్యాయమైనదే. అది అనుమతి తీసుకోని వారిపై ఉండాలి, మన పిల్లలకు రక్షణనిచ్చే మందుపై కాదు. టీకా వేయించుకున్నవారు కూడా వయసు వచ్చాక స్క్రీనింగ్ చేయించుకోవలసిందే.

పరీక్షకు వెళ్ళేముందు తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. నెలసరి రోజులలో వెళ్ళవద్దు. ముందు రెండు రోజులు దాంపత్య కలయిక, లోపల పెట్టుకునే మందులు మానాలి. ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఏ రోజున పరీక్ష చేస్తారో ఆశా కార్యకర్తను గాని ఏఎన్ఎంను గాని అడిగితే చెబుతారు. ఆ పూట పిల్లలను చూసుకునేందుకు, బస్టాండు దాకా తోడు వెళ్ళేందుకు భర్త ఒక రోజు సెలవు పెట్టడం పెద్ద త్యాగమేమీ కాదు.

పరీక్ష తరువాత గుస్ల్ చేయాలా అని చాలామందికి సందేహం కలుగుతుంది. కేవలం పరీక్ష జరిగినందువల్ల గుస్ల్ విధి కాదు, నమాజుకు ముందు వుజూ చేసుకుంటే చాలు. నమూనా తీసిన చోట ఒకటి రెండు రోజులు కొద్దిగా రక్తపు మరక కనిపించవచ్చు. అది గాయం నుండి వచ్చినదే గాని హైజ్ కాదు, నమాజు మానవద్దు. రక్తం ఎక్కువైనా, జ్వరం వచ్చినా డాక్టరుకు ఫోను చేయాలి. రోజా స్థితిలో లోపలి పరీక్ష గురించి పండితుల మధ్య అభిప్రాయభేదం ఉన్నది. కనుక అత్యవసరం కానప్పుడు రమజాను ముందో తరువాతో తేదీ తీసుకుంటే ఆ ప్రశ్నే ఉదయించదు. షాబాను నెలలో ఎలాగూ క్రితం ఏటి ఖజా రోజాలు పూర్తిచేసే తొందర ఉంటుంది కాబట్టి, రజబ్ అందరికీ వీలుగా ఉంటుంది.

వచ్చే సంచికలో నిఫాస్ రోజులలో బాలింత ఆహారం, విశ్రాంతి గురించి వ్రాస్తాము.